మావి ఇనుప బొక్కలు గావు

మా వాడలో విశ్రాంతి అనే మాట పదహారేళ్లొచ్చేదాకా నేను ఎవరి నోటా వినలేదు. తెలుగు వాచకంలో ఉండేది. పరీక్షలో సొంత వాక్యం రాయమంటే రాసేవాళ్లం. వాడలో దానికి వేరే మాటలుండేవి. పనికి పోకుండా ఇంటికాడ ఉన్న మగవాణ్ని 'కూసుండి తింటున్నడు' అంటారు. ఆడమనిషైతే 'కాళ్లు సాపుకొని పన్నది' అంటారు. పటేలు వాకిట్లో ఇంకో మాట ఉండేది, 'బలిసింది' అని. జ్వరమొచ్చి పడుకున్నా, తేలు కుట్టి పడుకున్నా, పురుడు పోసుకొని పడుకున్నా ఆ మాటలే. ఊరు తిట్టీ తిట్టీ చివరికి ఆ తిట్లు మా నోళ్లలోకే వచ్చి చేరాయి. మా వాళ్లను మా వాళ్లే అట్లా అనేవాళ్లు.

'రెస్టు' మాత్రం డాక్టరు చీటీ మీద వచ్చింది మా వాడకు. 'మందులు రాసిండు, రెస్టు రాసిండు' అని చెప్పుకునేవాళ్లు, రెండూ ఒకే దుకాణంలో దొరికేవే అన్నట్టు. మందులకైతే ఎక్కడో అప్పు పుట్టేది. రెస్టుకు అప్పిచ్చిన షావుకారిని నేను చూడలేదు.

ఇది ఉరికే పిల్లల కాలి బొక్క గురించి రాస్తున్న వ్యాసం. ఎముక అని పుస్తకాల్లో రాస్తారు, మా దిక్కు బొక్క అంటాం. కోస్తా మిత్రులు నవ్వొద్దు. మీ దగ్గర బొక్క అంటే చిల్లు అని నాకు తెలుసు. ఈ జబ్బుకు మీ అర్థం కూడా పనికొస్తుంది, కిందికి పోతే మీకే తెలుస్తుంది. ఉద్యమాల్లో తిరిగే తమ్ముళ్లు, చెల్లెళ్లు 'భూమి గురించి, కూలి గురించి రాయక ఈ ఆటల సంగతేంది' అనుకోవచ్చు. అవీ వస్తాయి.

1994లో నేను ఇంటర్ మొదటి సంవత్సరం. ఎస్సీ బాలికల హాస్టల్లో ఉండేదాన్ని. మూడు వేల మీటర్లు ఉరికేదాన్ని. ఉరుకుడు నాకెవరూ నేర్పలేదు. పొద్దెక్కకముందే బాపుకు సద్ది తీసుకపోయి, మళ్లీ బడి గంటకు అందుకోవాలంటే నడిస్తే కుదరదు. అట్లా వచ్చిన ఉరుకుడు జిల్లా పోటీల్లో మొదటి స్థానం తెచ్చింది. కాలేజీ పీఈటీ సారు కళ్లు నామీద పడ్డాయి. రాష్ట్ర పోటీలకు ఎంపికలు దగ్గర పడుతున్నాయని, అప్పటిదాకా రోజుకు ఐదు కిలోమీటర్లు ఉరికేదాన్ని నెల తిరక్కుండా పన్నెండుకు తీసుకపోయాడు. అదీ తారు రోడ్డు మీద. కాళ్లకు పలుచటి క్యాన్వాస్ బూట్లు, అడుగు అరిగి రోడ్డు వేడి లోపలికే తగిలేది.

పొద్దున ఐదింటికి ఉరికి రాగానే బోరింగు కాడ నీళ్లు పట్టి వంటగదికి మోయడం హాస్టల్ పిల్లల వంతు. తర్వాత కాలేజీ. మధ్యాహ్నం ముద్ద అన్నం, కింద గిన్నె కనపడేటంత పలుచటి పప్పు. మారు అడిగితే వార్డెన్ మొహం చూడాల్సి వచ్చేది. సాయంత్రం మళ్లీ ఉరుకుడు. నాలుగు నెలలుగా నాకు బహిష్టు రాలేదు. గదిలో పిల్లలు 'నీ నసీబు మంచిదే, బట్టలుతికే బాధ లేదు' అన్నారు. నాకూ అట్లనే అనిపించింది. అది ఒంట్లో ఏదో ఆగిపోతోందని చెప్పే గుర్తు అని మాకు చెప్పడానికి ఎవరున్నారు?

ఎడమ కాలు పిక్కబొక్క లోపలి పక్కన నొప్పి మొదలైంది. మొదట ఉరికినంక వచ్చేది, రాత్రికి పోయేది. పది రోజులకు ఉరుకుతుంటేనే వచ్చింది. ఇంకో వారానికి నీళ్ల బకెట్ ఎత్తుకొని నడిస్తే వచ్చింది. ఆ తర్వాత చాప మీద పడుకున్నా సలుపుతూనే ఉంది. సారుకు చెప్పిన. ఆయన నా కాలు వంక చూడకుండానే నవ్వి ఇట్లా అన్నాడు:

"మీవి పెద్దకూర తిన్న బొక్కలు. ఇనుము లెక్క ఉంటయ్. మీకేం గాదు, ఉరుకు."

ఆయన తిట్టాననుకోలేదు. మెచ్చుకున్నాననే అనుకున్నాడు. ఇదే మెచ్చుకోలు మా బాపుకు క్వింటాల్ బస్తా వీపు మీదికెత్తేటప్పుడు దొరికేది. కాన్పయిన పదో రోజు మా అవ్వ నాటు వేయడానికి మడిలో దిగితే పటేలు భార్య చేసిన మెచ్చుకోలు కూడా ఇదే: 'మీ ఒళ్లే ఒళ్లు, మాకైతే ఆర్నెల్లు మంచం దిగనియ్యరు.' మా ఒళ్లు గట్టిదని ఊరంతా ఒప్పుకుంటుంది, బరువు మోసే చోట మాత్రమే. అన్నం కాడ, నీళ్ల బావి కాడ అదే ఒళ్లు అంటరానిది. ఇక పెద్దకూర సంగతి. అది మా ఇంట్లో నెలకోసారి వండితే గొప్ప. హాస్టల్లో దాని పేరెత్తితేనే గొడవ. మేం తినని తిండిని లెక్కగట్టి మా చేత పరుగు తీయించారు.

నేను కుంటడం మొదలుపెట్టాక పెద్దాసుపత్రికి తోలారు. ఎక్స్‌రే తీశారు. డాక్టరు దాన్ని కిటికీ వెలుగుకు పట్టి చూసి 'బొక్క మంచిగనే ఉంది, ఏం లేదు' అన్నాడు. నొప్పి గోళీలు రాశాడు. సారు చేతికి ఆ ఎక్స్‌రే ఒక సాక్ష్యంలా దొరికింది. నొప్పి ఉందని నేనంటాను, లేదని ఫొటో అంటుంది. మాదిగ పిల్ల మాట, ఫొటో మాట, ఏది నమ్ముతారు?

ఫొటో అబద్ధమాడలేదు, దానికి చూపు చాలదు, అంతే. ఇట్లాంటి దెబ్బ మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడదు. బొక్క మానడం మొదలై పక్కన కొత్త పొర పెరిగితేనే అందులో గీత, మరక తేలుతాయి. ఇప్పుడు ఎంఆర్ఐ ఉంది, అది బొక్క లోపలి మూలుగలో వాపును కూడా చూపిస్తుంది, గీత పడకముందే పట్టిస్తుంది. మరి యంత్రాలేవీ లేనప్పుడు? వేలుంది. పిక్కబొక్క పొడవునా జానెడు మేర నొప్పి ఉంటే అది చాలావరకు కండ, పొర లాగిన నొప్పి. ఒక్క చోట, బొటనవేలు ఆనినంత చోటే, నొక్కితే ప్రాణం పోయినట్టుంటే అది బొక్కదని అనుమానించాలి. ఈ సంగతి నాకు చాలా ఏండ్ల తర్వాత వ్యాయామ విద్య చదివేటప్పుడు తెలిసింది. మా అవ్వకు అంతకుముందే తెలుసు.

అవ్వ ఒక ఆదివారం హాస్టల్‌కు వచ్చింది. నేను గేటు దాకా నడిచి రావడం చూసింది. ఏమీ అడగలేదు. చెట్టు కింద కూర్చోబెట్టి కాలు తన ఒళ్లో పెట్టుకొని, మోకాలి నుంచి కిందికి బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చింది. ఒక కాడ నేను అరిచిన. అక్కడ వేలు ఆపి రెండోసారి మెల్లగా నొక్కింది. లేచి చెంగు దులుపుకొని సారు గదికి పోయింది.

"సారూ, మా పిల్లను ఇంటికి తోలుకపోత."

"సెలక్షన్లు పద్దెనిమిది రోజులే ఉన్నయమ్మా. ఇప్పుడు తోలుకపోతే పిల్ల బతుకు ఖరాబైతది. స్పోర్ట్స్ కోటా, నౌకరి, అన్ని పోతయ్. నీకేం తెలుసు?"

"నాకు గవి తెల్వయ్ సారూ. ఎడ్ల సంగతి తెలుసు. కుంటే ఎద్దును ఓసారి నాగలికి కడితే మా ఇంటాయనను పటేలు కొట్టిండు."

ఈ మాట వెనుక ఉన్న సంగతి చెప్పాలి. బాపు ఇరవై రెండేళ్లు ఒకే ఇంట జీతమున్నాడు. ఒక ఏడు పటేలు ఎద్దు ముందరి కాలు మడిమె కాడ వాచింది. పటేలు దాన్ని మూడు వారాలు కొట్టంలోంచి కదలనియ్యలేదు. ఉలవలు ఉడకేసి పెట్టించాడు, పొద్దుమాపు కాపడం పెట్టించాడు. పెట్టింది మా బాపే. అరక ఆగుతుందని తెలియక ఒకనాడు దాన్ని కట్టబోతే చెంప మీద కొట్టాడు. అదే ఏడు బాపు పాదంలో నాగలి కర్రు దిగింది. చీము పట్టి పదకొండు రోజులు లేవలేదు. ఆ పదకొండు రోజులకు నాగాలు పట్టి, ఉగాదికి లెక్క చూసినప్పుడు బాకీలో కలిపారు. ఎద్దుకు నాగా ఉండదు. అది పటేలు ఆస్తి, పాడైతే నష్టం ఆయనది. బాపు ఒళ్లు బాపుదే, పాడైతే నష్టం కూడా బాపుదే. వెట్టి కూలీని రద్దు చేసే చట్టం 1976లో వచ్చింది. నేను చెబుతున్నది అంతకు పదేళ్ల తర్వాతి సంగతి.

అవ్వ నన్ను బస్సెక్కించి తీసుకొచ్చింది. ఎనిమిది వారాలు నులక మంచం మీద ఉంచింది. మొదటి మూడు వారాలు బయటికి పోవడానికి తప్ప కాలు కింద పెట్టనియ్యలేదు. తైదంబలి తాగించింది. తైదలంటే రాగులే. రోజుకొక కోడిగుడ్డు, దొరికినప్పుడు ముల్లుతో సహా నమిలే ఎండు చాపలు. ఈ తిండిలో ఏముందో లెక్కలు ఇప్పుడు నాకు తెలుసు. నూరు గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా సున్నం, అదే పాలిష్ బియ్యంలో పది కూడా ఉండదు. మేం తైదలు తినేవాళ్లమని బడిలో వెక్కిరించేవాళ్లు, హాస్టల్ మమ్మల్ని తెల్లన్నానికి తెచ్చి నాగరికుల్ని చేసింది. ఏడో వారంలో నాకు బహిష్టు వచ్చింది. అవ్వ 'ఇగ బొక్క అతుకుతది' అన్నది. రెంటికీ ఉన్న సంబంధం ఆమెకెట్లా తెలుసో అడగలేదు. ఇప్పుడడిగితే 'ఏమో బిడ్డా, అన్న ననా' అంటుంది.

అది పత్తి ఏరే కాలం. పటేలు మనిషిని పంపాడు: 'పిల్ల కూసుండి తింటున్నదట గద, కూసుండి ఏరమను.' వాడలో కూడా అన్నారు. బిడ్డ కాలుకు పూజ చేస్తున్నదని అన్నారు. అవ్వ తన సాలు ఏరి, నా సాలు కూడా ఏరింది. చీకటి పడ్డాక ఇంటికొచ్చేది. పత్తికాయల అంచులు గీరి వేళ్ల చివర్లు నెత్తురు చారలుండేవి. నా రెస్టుకు నాగాలు పట్టనియ్యకుండా ఆమె తన ఒళ్లు కట్టింది. ఇది గొప్ప తల్లి ప్రేమ కథగా చదవొద్దని నా మనవి. ఒకరికి రెస్టు కావాలంటే ఇంకొకరి ఒళ్లు అరగాల్సి రావడం ప్రేమ సంగతి కాదు, కూలి సంగతి.

బొక్క లోపల ఏం జరుగుతుందో చెబుతాను. బొక్కంటే రాయి అనుకుంటారు. అది బతికున్న వస్తువు. పొద్దస్తమానం లోపల మరమ్మతు నడుస్తూనే ఉంటుంది. మన మట్టి గోడలు గుర్తు తెచ్చుకోండి. గోడకు సన్నటి పగులొస్తే మట్టి మెత్తితే నిలవదు. ముందు పగులు చుట్టూ వదులైన మట్టిని గీకెయ్యాలి, గుంట చెయ్యాలి, తర్వాత కొత్త మట్టి పెట్టి ఆరనియ్యాలి. బొక్కలోనూ అంతే. ఉరికినప్పుడల్లా కంటికి కనపడనంత సన్న పగుళ్లు పడతాయి. తవ్వే కణాలు వచ్చి ఆ చోటును తవ్వేస్తాయి. దానికి సుమారు మూడు వారాలు. వాటి వెనక నింపే కణాలు వచ్చి కొత్త బొక్క పెడతాయి. దానికి సుమారు మూడు నెలలు. తవ్వడం తొందరగా అయిపోతుంది, నింపడం నెమ్మది. ఈ మధ్యకాలంలో అక్కడ చిల్లు ఉంటుంది. కోస్తా మిత్రుల అర్థం ఇక్కడ పనికొచ్చింది. గోడ గీకి గుంట చేసిన నాడే దానిమీద వాసం మోపితే ఏమవుతుంది? సారు నా చేత చేయించింది అదే. మరమ్మతు ఆగకుండా నడుస్తోంది, బరువు కూడా ఆగకుండా పడుతోంది. తవ్వినంత వేగంగా నింపడం కుదరక బొక్క మొదట వాస్తుంది, తర్వాత గీత పడుతుంది, అప్పటికీ ఆగకపోతే రెండుగా విరుగుతుంది.

కాబట్టి ఇక్కడ రెస్టే వైద్యం. నొప్పి గోళీ గోడను పూడ్చదు, పగులు కనపడకుండా సున్నం కొడుతుంది. నా లాంటి లోపలి పక్క దెబ్బకు ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, ఉరుకుడు మానాలి. పిక్కబొక్క ముందు అంచు మీద, తొడబొక్క మెడ కాడ, పాదం నడుమనుండే పడవ ఆకారపు బొక్కలో వస్తే ఇంకా ప్రమాదం. అక్కడ సరిగ్గా అతకదు, కొన్నిసార్లు ఆపరేషన్ దాకా పోతుంది. ఈ చోట్ల నొప్పి అనుమానమొస్తే అదే రోజు ఆపాలి, నమ్మకమైన డాక్టరుకు చూపించాలి.

విరిగిపోవడం నేను కళ్లారా చూసిన. మా హాస్టల్లోనే నాకంటే ఏడాది పెద్ద పిల్ల ఒకామె. ఆమెకూ ఇదే నొప్పి. ఆమె అవ్వ బతికి లేదు, వచ్చి తీసుకుపోయేవాళ్లు లేరు. గోళీలు మింగి ఎంపికలకు పోయింది. రెండో రౌండులో మలుపు కాడ కట్టె విరిగిన చప్పుడు అందరికీ వినపడిందని చూసొచ్చిన పిల్లలు చెప్పారు. ఆసుపత్రికి పోయి నేను చూసేసరికి కాలికి తొడ దాకా పట్టీ. వంకరగా అతికింది. ఇప్పటికీ కుంటుతూ నడుస్తుంది, ఒక చిన్న ఊళ్లో కుట్టుమిషన్ పెట్టుకొని బతుకుతోంది. ఎడమ కాలితో తొక్కలేదు, కుడి కాలితోనే తొక్కుతుంది. ఆమె పేరు రాయను. ఏ కాగితంలోనూ ఆమె ఉరికినట్టు లేదు.

ఈ జబ్బును మొదట రాసిపెట్టింది ఆటగాళ్ల దగ్గర కాదు, సిపాయిల దగ్గర. 1855లో బ్రైథౌప్ట్ అనే ప్రష్యా సైనిక డాక్టరు దూరాలు కవాతు చేసిన సిపాయిల పాదాలు వాచి నొప్పి చేయడం గురించి రాశాడు. అప్పటికింకా ఎక్స్‌రే లేదు. అది వచ్చాక 1897లో ఆ వాపు వెనుక పాదం బొక్కలు విరిగి ఉన్నాయని తేలింది. ఆ నలభై రెండేళ్లు నొప్పి అని చెప్పిన సిపాయిల్లో ఎందరు దొంగ వేషాలని మాటలు పడ్డారో అనిపిస్తుంది నాకు. తర్వాత సైన్యాలు బూట్లు మార్చి చూశాయి, అట్టలు పెట్టి చూశాయి. ఇజ్రాయెల్ సైన్యం డాక్టర్లు పాతికేళ్లు కుస్తీపట్టి 2008లో రాసిందేమంటే, రోజుకు కనీసం ఆరు గంటల నిద్ర తప్పనిసరి చేసి, మొత్తం కవాతు దూరం తగ్గించాక ఈ విరుగుళ్లు సగానికి మించి తగ్గాయని. తుపాకి పట్టేవాడి బొక్క కోసం రాజ్యం నిద్ర లెక్కబెట్టింది. నీళ్లు మోసి, ఉరికి, చదివి, నాలుగు గంటలకే లేచే హాస్టల్ పిల్ల నిద్రను ఎవరూ లెక్కబెట్టలేదు.

తిండి సంగతి కూడా పెద్దవాళ్లు ఆలస్యంగానే ఒప్పుకున్నారు. ఉరికే ఆడపిల్లల్లో తిండి చాలకపోవడం, బహిష్టు ఆగడం, బొక్క పలచబడడం, ఈ మూడూ ఒకే తాడుకు కట్టినవని అమెరికా క్రీడా వైద్యులు 1992లో ఒక పేరు పెట్టారు. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దాన్ని ఇంకా వెడల్పు చేసి, తిన్న శక్తికి మించి ఖర్చు చేసే ఒళ్లు, ఆడైనా మగైనా, బొక్కను పోషించడం మానేస్తుందని చెప్పింది. ఒంటికి లెక్కలొచ్చు. ఉన్నది కొంచెమే అయితే గుండెకు, మెదడుకు ముందిస్తుంది, బహిష్టును ఆపుతుంది, బొక్కను వాయిదా వేస్తుంది. వాళ్ల పుస్తకాల్లో సన్నబడాలని తిండి మానే పిల్లల ఉదాహరణలే ఎక్కువ. వడ్డించక తిండి మానే పిల్లల ఊసు తక్కువ. పి.టి. ఉష 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో సెకనులో నూరో వంతుతో కాంస్యం పోగొట్టుకుంది. అక్కడ తను గంజి, పచ్చడితో నెట్టుకొచ్చిన సంగతి తర్వాత ఆమే చెప్పుకుంది. దేశానికి ఆ నూరో వంతు గుర్తుంది, గంజి గుర్తు లేదు.

ఉరుకుడు మానినంత కాలం గుండె బలం తగ్గకుండా కొలనులో నీళ్లలో ఉరకమని పుస్తకాల్లో రాస్తారు. మంచి సలహానే, బరువు పడదు. ఇది చదివినప్పుడల్లా నాకు 1927 మహాడ్ గుర్తొస్తుంది. చవదార్ చెరువులో దోసెడు నీళ్లు తాగడానికే అంబేద్కర్ వేల మందిని వెంటబెట్టుకొని పోవాల్సి వచ్చింది. మా ఊళ్లో పిల్లలకు నేను సైకిల్ చెబుతాను. అదీ నొప్పి లేకపోతేనే.

అంబేద్కర్ పేరు వచ్చింది కాబట్టి ఇంకో మాట. 1942 నుంచి 1946 దాకా ఆయన వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూశాడు. ఆ కాలంలోనే ఫ్యాక్టరీ కార్మికులకు జీతంతో కూడిన సెలవు చట్టంలోకి వచ్చింది, వారానికి 54 గంటల పని 48కి తగ్గింది. మన సభల్లో రాజ్యాంగం గురించి చెబుతాం, రిజర్వేషన్ గురించి చెబుతాం, ఈ ఆరు గంటల గురించి తక్కువ చెబుతాం. పని చేసే ఒంటికి విరామం దయతో ఇచ్చేది కాదని, జీతంలో భాగమని ఆయన కాగితం మీద పెట్టించాడు. అది ఫ్యాక్టరీ గేటు దాటి చేలల్లోకి రాలేదు. హాస్టళ్లలోకీ రాలేదు.

నేను 1995 సంక్రాంతి అయ్యాక తిరిగిపోతే హాస్టల్ రిజిస్టరులో నా పేరు కొట్టేసి ఉంది. రెండు నెలలు రాలేదని. అవ్వ మూడుసార్లు ఆఫీసుకు తిరిగింది. నాలుగోసారి దళిత విద్యార్థి సంఘం పిల్లలు ఇరవై మంది గేటు ముందు కూర్చున్నారు. సాయంత్రానికి పేరు ఎక్కింది. ఆ ఏడు పోటీలు పోయాయి. మరుసటి ఏడు ఉరికి రాష్ట్రంలో మూడో స్థానంలో వచ్చిన. ఆ కాగితమే తర్వాత నాకు వ్యాయామ విద్య కాలేజీలో సీటు ఇప్పించింది, టీచరును చేసింది. నా కాలు మళ్లీ నొయ్యలేదు.

అవ్వ తుంటి బొక్క 2019లో విరిగింది. పడలేదు, గడప దాటుతుంటే విరిగి కూలబడింది. డాక్టరు బొక్కలు గుల్లబారాయన్నాడు. నలభై ఏళ్లు నాట్లు, కలుపు, పత్తి, ఐదు కాన్పులు, పాలు లేని ఇల్లు. ఆపరేషన్ చేసి మూడు నెలలు రెస్టు రాశాడు. ఆ మూడు నెలలు ఆమెను మంచంలో ఉంచడానికి నేను పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. 'కూసుండి తింటున్న' అని ఏడ్చేది. ఎవరూ అనకముందే తనే అనుకునేది. నా కాలు ఒళ్లో పెట్టుకొని సారుతో కొట్లాడిన మనిషి తన కాలుకు వచ్చేసరికి ఆ ఊరి తిట్టునే తన మీద వేసుకున్నది.

ఇప్పుడు నేను పనిచేసే బడిలో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి ఉంది. ఎనిమిది వందల మీటర్లు బాగా ఉరుకుతుంది. ఆటల హాస్టల్‌కు ఎంపికై పోయింది, ఏడాది తిరక్కుండా పిక్కబొక్క నొప్పితో తిరిగొచ్చింది. చేతిలో ఒక కాగితం, 'అన్‌ఫిట్' అని. రెస్టు అవసరమని వాళ్లకూ తెలుసు. అయితే వాళ్ల భాషలో రెస్టంటే ఇంటికి తోలడం. పిల్లకు గుడ్డు, పాలు, డాక్టరు అన్నీ అక్కడే ఉంటాయి. దెబ్బ తగలగానే వాటన్నిటి నుంచి తీసేసి, ఏమీ లేని ఇంటికి పంపి మానిపించుకోమంటారు. పటేలు ఎద్దునైనా కొట్టంలోనే ఉంచి మేపాడు. ముప్పై ఏళ్ల కింద నొప్పి లేదన్నారు, ఇప్పుడు ఉందని రాసిచ్చి పంపేస్తున్నారు. పిల్లకు ఒరిగిందేమీ లేదు.

పిల్లను నేనే తీసుకుపోయి ఎంఆర్ఐ తీయించిన. మూలుగలో వాపు ఉంది, గీత పడలేదు. నయమే. అడిగితే మెల్లగా చెప్పింది, మూడు నెలలుగా బహిష్టు లేదని. వాళ్లమ్మకు కూర్చోబెట్టి అంతా చెప్పిన.

"ఎన్ని వారాలు మేడం?" అన్నది.

"ఆరు. ఇంకా ఎక్కువే పట్టొచ్చు."

"పత్తికి రాదా?"

"రాదు. నీళ్లకు కూడా రాదు."

కాసేపు ఆలోచించి, "ఇంట్ల ఉంటే ఎవలో ఒకలు పని చెప్తరు మేడం, బడికే తోల్త. మీ కండ్ల ముందట కూసోనియ్యండి" అన్నది. అప్పటినుంచి పిల్ల ఆటల పీరియడ్‌లో నా కుర్చీ పక్కన కూర్చొని విజిల్ ఊదుతుంది, మిగతా పిల్లల టైము రాస్తుంది. మధ్యాహ్న భోజనం గుడ్డు వారానికి మూడే, మిగతా రోజులది టీచర్లం నలుగురం వంతులు వేసుకున్నాం. తైదలు మా ఇంటి నుంచి వస్తాయి, అవ్వ జల్లించి పంపుతుంది. సీటు ఉంచాలని, వైద్యం అక్కడే చేయించాలని ఆటల హాస్టల్‌కు రెండు దరఖాస్తులు రాసిన. రెండోదాని మీద తండ్రి వేలిముద్ర, సంఘం పిల్లల సంతకాలు ఉన్నాయి.

ఈ వారంతో ఆరు వారాలు నిండాయి. నొక్కితే నొప్పి లేదు, అరగంట నడిచినా లేదు, ఒంటికాలి మీద ఎగిరినా లేదు. సోమవారం నుంచి మెత్తటి మట్టి మీద ఒక నిమిషం ఉరుకుడు, నాలుగు నిమిషాలు నడక, ఐదుసార్లు. నొప్పి వస్తే ఆపి మళ్లీ వెనక్కి. ఒకరోజు ఉరికితే ఒకరోజు ఖాళీ. దరఖాస్తుకు జవాబు ఇంకా రాలేదు. బుధవారం పిల్లల్ని వెంటబెట్టుకొని మళ్లీ పోతున్నాం.